అరచేతి ఆటలు, ఇంటి మాటలు

నాటక మాడినపుడు మనము విమర్శ వ్రాయుదుము. గ్రంథము వెలువడినపుడు దాని గుణదోషములను చర్చింతుము. పాటకచేరి ముగిసిన మరునాడు గాయకుని శ్రుతిని గూర్చి పదిమందిమి పదివిధములుగా మాటాడుకొందుము. కాని నేడు చెన్నపురిలోని తెలుగు కుటుంబములలో నాటకముకంటె, గ్రంథముకంటె, కచేరికంటె ఎక్కువ ప్రొద్దును హరించుచున్న రెండు వస్తువులను గూర్చి విమర్శ యనదగినది అరుదుగా కానవచ్చును. మొదటిది సామాజిక మాధ్యమము. రెండవది ఫోనులో ఆడు ఆట. వీనిని పెద్దలు తిట్టుటయు, ఆ తిట్లకు పిల్లలు నవ్వుటయు కలదు. ఇది ఎట్టి కల్పన, ఇందలి రసమెంత, మన ఇంటి భాషకు దీనివలన వచ్చిన దేమి, పోయిన దేమి యని నిదానించి చూచిన వారు తక్కువ.

ఆ కొరతను కొంత తీర్చుటకై మేము ఒక సంవత్సరకాలము వానిని స్వయముగా పరీక్షించితిమి. వాట్సాప్‌లో బంధువుల బృందము, ఫేస్‌బుక్‌లో రెండు మూడు తెలుగు సమూహములు, లూడో, వైకుంఠపాళి, కొన్ని మాటల ఆటలు మా పరీక్షకు వచ్చినవి. ధనము నొడ్డి ఆడు ఆటల జోలికి మేము పోలేదు. తుపాకుల యుద్ధక్రీడలను ఇంటి కుర్రవాండ్ర భుజముల మీదుగా చూచితిమే గాని, మా వ్రేళ్లకు ఆ వేగము లేదు.

మా గీటురాయి యేదియో ముందుగా చెప్పుట న్యాయము. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు చెన్నపట్నము మదరాసు రాష్ట్రమునందే నిలిచినది. అప్పుడు ఇక్కడనే యుండిపోయిన కుటుంబములు, అంతకు తరతరముల పూర్వమే వచ్చి వేరూనిన కుటుంబములు, పిమ్మట ఉద్యోగములకై వచ్చినవారు, అందరిని కలిపి మనము చెన్నపురి తెలుగువారము. మన బిడ్డలు బడిలో ఆంగ్లమున చదువుదురు. 2006లో వచ్చిన చట్టమువలన తమిళము తప్పనిసరి పాఠ్యాంశమైనది. ఉన్న ఊరి భాష చదువ వ్రాయ వచ్చుట మేలే. దానిపై మాకు ఫిర్యాదు లేదు. కాని తెలుగు ఇంటిగడప లోపల మాత్రమే మిగిలినది. మన మనుమరాలు తెలుగు వినును, పలుకును, చదువజాలదు. అట్టి ఇంటిలో ఫోను ప్రవేశించి నోటి తెలుగును పెంచినదా, తుంచినదా? ఈ ఒక్క ప్రశ్నతోనే మేము పరీక్షకు కూర్చుంటిమి.

మొదట మంచిని చెప్పుదము. 2013లో వాట్సాప్ స్వరసందేశమును ప్రవేశపెట్టినది. మా యభిప్రాయమున తెలుగు సంసారములకు ఆ సంస్థ చేసిన ఉపకార మిదియే. లిపి రాని బిడ్డకును, చూపు మందగించిన అవ్వకును నడుమ నిది వంతెన. పూర్వము నెల్లూరినుండి మేనత్త వ్రాయు కార్డు ‘ఉభయకుశలోపరి’ తో ఆరంభమై, ఆశీస్సులతో ముగిసెడిది. అందు మేనత్త యేమూలను గాని కానవచ్చెడిది కాదు. స్వరసందేశమునకు ఉపోద్ఘాతము లేదు. అది నడుమనుండి మొదలగును, “అది కాదబ్బాయ్” అని. వెనుక కుక్కరు కూతవేయును. వీధిలో కూరలవాడు కేకవేయును. మాట నడుమ నెవరినో కసరును, మరల మనవైపు తిరుగును. ఆ నెల్లూరి యాస, ఆ సాగదీత, ఆ నిట్టూర్పు మాంబళములోని మేడమీద నున్న పదునొకండేండ్ల పిల్ల చెవిని యథాతథముగా పడుచున్నవి. ఏ పాఠ్యపుస్తకమును ఈ పని చేయలేదు. దీనిని ఒక సాహిత్యప్రక్రియగా లెక్కించుటకు మాకు సంకోచము లేదు.

అయితే 2021లో ఆ సంస్థయే స్వరసందేశమును ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు వేగముతో వినునట్టి ఏర్పాటు చేసినది. యువకులందరు మేనత్తను రెండు రెట్ల వేగముతో వినుచున్నారు. ఆమె దీర్ఘములన్నియు హ్రస్వములైనవి.

మాట సంగతి ఇట్లుండగా, వ్రాత సంగతి వేరు. మా బంధువుల బృందములో వచ్చు తెలుగు సందేశములలో ముప్పాతికకు మించి ఆంగ్లాక్షరములలోనే యుండును. కల యేదో, కళ యేదో ఆ వ్రాతలో తెలియదు. తకారమునకు హకారము చేర్చి వ్రాయు దక్షిణాది అలవాటుచే పాట, పాత అనువానికి కొంత రక్షణ దొరికినది. ళకారమునకు ఆ దిక్కును లేదు. తప్పంతయు పిల్లలదే యనుట సరికాదు. తెలుగు లిపికి యంత్రలోకములో స్థానము 1991లోనే యూనికోడ్ మొదటి కూర్పునందు లభించినది. కాని ఆ లెక్కలో మన యక్షరము ఒక్కటిగా ఉండదు, ముక్కలై యుండును. ‘స్త్రీ’ అనునది మన కంటి కొక్క యక్షరము. యంత్రమునకు సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, గుడిదీర్ఘము అని ఆరు గుర్తులు. 2017లో ట్విట్టర్ తన సందేశపు హద్దును నూట నలువదినుండి రెండువందల ఎనుబది గుర్తులకు పెంచినపుడు, ‘స్త్రీ’కి ఆరు ఖర్చగుచు వచ్చినది. 2018 ఫిబ్రవరిలో ఇంకను వింత జరిగినది. ‘జ్ఞా’ అను మన సంయుక్తాక్షరము ఒక విధమైన గుర్తుల వరుసతో సందేశములో వచ్చినంతమాత్రమున ఐఫోనులలో ఆ సందేశపు కార్యక్రమమే కూలిపోయినది. దినముల వ్యవధిలో ఆపిల్ సంస్థ దానిని సవరించినది. లోకములోని ఖరీదైన యంత్రము జ్ఞానమునకు మొదటి యక్షరమును భరింపజాలకపోయెనని ఆనాడు మన తెలుగువారు నవ్వుకొన్నారు. నవ్విన వారిలో ఆ నవ్వును తెలుగు లిపిలో వ్రాసిన వారెందరో మేము లెక్కింపలేదు.

ఇక సమూహములలో తిరుగు పద్యముల మాట. మంచి వచనకవిత యేది కనబడినను శ్రీశ్రీకి అంటగట్టుదురు. నీతి యేది దొరికినను దానికి తుద నొక మకుటము తగిలించి వేమన్నకు అర్పింతురు. ఇందు విచారింపదగిన విషయ మొకటి కలదు. సి.పి. బ్రౌను వేమన పద్యములను అనేక తాళపత్ర ప్రతులనుండి సేకరించి, పోల్చి, 1829లో అచ్చు వేయించినది ఈ చెన్నపురిలోనే. ఏది వేమనది, ఏది కాదు అను సందేహము ఆయనకును కలిగినది. అందుకే ప్రతులను ప్రక్కప్రక్కన పెట్టి చూచెను. రెండువందల యేండ్లు కావచ్చుచుండగా, అదే నగరములో కూర్చుండి మనము క్షణమునకొక క్రొత్త వేమనను పుట్టించుచున్నాము. ప్రాసయైనను కుదిరినదో లేదో చూచువారు లేరు.

సామాజిక మాధ్యమము క్రొత్త పుట్టుక యని కొందరందురు. చందమామ పాఠకులు ఈ మాట నొప్పుకొనరు. 1947 జులైలో తెలుగు, తమిళ భాషలు రెంటను ఈ నగరమునుండి వెలువడిన ఆ పత్రిక, రెండు ఛాయాచిత్రములను ప్రక్కప్రక్కన అచ్చువేసి, వానికి జతగా కుదురు వ్యాఖ్యలను పాఠకులనుండి కోరెడిది. అదియు చిత్రము క్రింద వ్యాఖ్యయే కదా! కాని ఆ వ్యాఖ్యకు ఒక కార్డు ఖర్చు, తపాలాపెట్టెదాక ఒక నడక, ఫలితము వెలువడువరకు నిరీక్షణ. ఇంటిల్లిపాది ఆ రెండు మాటలను మార్చి మార్చి పలికి చూచెడివారు. నేడు చిత్రము క్రింద మేము చూచినవి ఎక్కువగా జోడించిన చేతులు, పకపక నవ్వు ముఖములు, ఎర్రని హృదయములు. మనుమరాలి నృత్యమునకు నూటికి పైగా హృదయములు వచ్చినవి. ‘అడుగు బాగున్నది, హస్తము సడలినది’ అను వాక్య మొక్కటియు రాలేదు. పొగడ్తకు సైతము భాష అక్కరలేకుండుట మాకు కొరతగా తోచినది.

ఆటల విషయములో ఇదే కొరత మరింత లోతుగా కానవచ్చును. మన ఇండ్ల ఆటలు అష్టాచెమ్మా, పచ్చీసు, వామనగుంటలు, వైకుంఠపాళి. చెన్నపురిలో వీనికి జంటపేర్లు కలవు; ప్రక్కింటి మామి వామనగుంటలను పల్లాంగుళి యనును, వైకుంఠపాళిని పరమపద మనును. అష్టాచెమ్మాకు కావలసినది అయిదు నిలువులు, అయిదు అడ్డములుగా గీసిన ఇరువదియైదు గళ్లు, నాలుగు గవ్వలు. గవ్వలు నాలుగును వెల్లకిల పడిన చెమ్మ, అనగా నాలుగు. నాలుగును బోర్ల పడిన అష్ట, అనగా ఎనిమిది. గళ్లలో నడుచునది ‘కాయ’. అది చుట్టు తిరిగి నడిగడి చేరిన ‘పండినది’ అందుము. తమిళులకును అది కాయయే, చేరినచో పళమే. ఆటవస్తువుకు చెట్టుమీది పేరు పెట్టి, గెలుపునకు పక్వ మను భావమును చేర్చిన ఈ రెండు భాషల చెలిమి ఎంత ముచ్చటైనది! లూడో మన పచ్చీసుకు సంతానము. పందొమ్మిదవ శతాబ్దపు చివర ఇంగ్లండులో ఆ పేరు ధరించి, తిరిగి మన ఇంటికి వచ్చినది. 2016లో ముంబయి సంస్థ యొకటి దానిని లూడో కింగ్ అను పేర ఫోనులో పెట్టగా, 2020లో తలుపులు మూసికొని కూర్చున్న దినములలో అది ఇంటింట వెలసినది. అందు కాయ పండదు. ‘హోమ్’ చేరును.

పేరు పోయిన పోనిమ్ము. ఆట మాటను ఎట్లు పుట్టించెడిదో గమనింపుడు. గవ్వ వేసినవాడు లెక్క చెప్పవలెను. కాయను జరుపువాడు గడి గడికి పైకి లెక్కింపవలెను. ఎదుటివాడు ఆ లెక్కను నమ్మక మరల లెక్కింపవలెను. “తొండి!” అని కేక. “తొండి కాదు, గవ్వ అంచుమీద నిలిచినది, మరల వేయుదును” అని వాదము. తీర్పు చెప్పుటకు వంటయింటినుండి అమ్మమ్మ. ఆమె తీర్పులో ఒక సామెత, ఒక చీవాటు, పూర్వమెన్నడో తమ అన్నగారు చేసిన తొండి యొకటి. ఇదంతయు తెలుగే. చదువుకొనమని యెవ్వరు నడుగకయే బిడ్డ సంఖ్యలను, షరతులను, ‘అయితే’లను, ‘కాకపోతే’లను, ‘నీవన్నావు గదా’లను నేర్చెడిది. వైకుంఠపాళిలో నింకొక లాభము. పటముపై పాములకు పురాణములలోని రాక్షసుల పేర్లు, నిచ్చెనలకు సద్గుణముల పేర్లు తెలుగున అచ్చయి యుండెడివి. తన్ను మ్రింగిన పాము పేరేమో తెలిసికొనుటకైన బిడ్డ ఆ యక్షరములను కూడబలుకుకొనెడిది. మేము ఆడిన ఫోను ఆటలో పాములకు పేర్లు లేవు. రంగులు మాత్రము దివ్యముగా నున్నవి.

ఫోనులోని లూడోలో పాచికను యంత్రము దొర్లించును. గళ్లను యంత్రము లెక్కించును. కాయను యంత్రము జరుపును. తొండికి తావు లేదు. కావున జగడము లేదు, జగడము లేదు గనుక తీర్పు లేదు, అమ్మమ్మకు పని లేదు. నలుగురు పిల్లలు ఒక్క చాపమీద కూర్చుండి, నాలుగు ఫోనులు పట్టుకొని, ఒకరితో నొకరు ఒక గంట ఆడిరి. మేము ప్రక్కనే యుండి వినిన మాటలు పదికి మించలేదు. అందు రెండు చార్జరును గూర్చినవి. తొండి చేయుట మంచిదని మా వాదము కాదు. పదివరకు తెలుగున లెక్కించి పదకొండు రాగానే ఆంగ్లమునకు దాటు బిడ్డలు మన ఇండ్లలో ఉన్నారు. పన్నెండు, పదునెనిమిది, ఇరువది మూడు వారి నోట పలికించుటకు చింతపిక్కల కంటె ఉత్తమమైన ఉపాధ్యాయుని మే మెరుగము.

ఇందు సంఘములకును కొంత పాలు కలదు. మన తెలుగువారి కూటములలో భోజనము పిదప తంబోలా ఆడుట వాడుక. తొంబది సంఖ్యలు, చేతిలో చీటీ, అందరి చెవులును పిలుచువానిపై. భాషాభ్యాసమునకు ఇంతకంటె అనువైన ఘడియ యుండునా? మేము హాజరైన తంబోలాలన్నిటను సంఖ్యలను ఆంగ్లముననే పిలిచిరి. ‘ఎనుబది ఏడు’ అని పిలిచినచో సగముమంది చీటీలు వెదకుకొందురను భయము కాబోలు. వెదకుకొననిండు!

పేకాటను గూర్చి చెప్పక తప్పదు. మన సాహిత్యమునకు పేకాట అంటరానిది కాదు. కన్యాశుల్కములో మధురవాణి యింట సాగిన పేకాటలో చేతిముక్కలకంటె నోటిమాటలే పదునైనవి. న్యాయస్థానములలోను దీనికి తెలుగు మూలమే. సికిందరాబాదులోని ఒక క్లబ్బు వ్యాజ్యమున 1967లో సుప్రీంకోర్టు, రమ్మీలో పడిన ముక్కలను జ్ఞప్తియం దుంచుకొనవలెను, ఏది పట్టవలెనో ఏది విడువవలెనో నేర్పు కావలెను, కావున అది ముఖ్యముగా నైపుణ్యక్రీడ యని తీర్మానించినది. ఆ తీర్పును చేతబట్టుకొని అర్ధశతాబ్దము తరువాత ఫోను రమ్మీ వచ్చినది. తెలంగాణము 2017లో, ఆంధ్రప్రదేశము 2020లో దానిని నిషేధించినవి. తమిళనాడు 2021లో చేసిన చట్టమును ఆ యేడే మదరాసు హైకోర్టు కొట్టివేసినది. 2022లో మరియొక చట్టము చేయగా, 2023 నవంబరులో అదే న్యాయస్థానము రమ్మీ, పోకరులను ఆ నిషేధమునుండి తప్పించినది. పిదప ఆధారు పరిశీలనము, అర్ధరాత్రినుండి వేకువ అయిదు గంటలవరకు ఆట నిలుపుదల అను నియమములు వచ్చినవి. 2025 జూనులో హైకోర్టు వానిని సమర్థించినది. ఆ యాగస్టులోనే పార్లమెంటు దేశమంతటను డబ్బు ఆటలను నిషేధించు చట్టము చేయగా, పెద్దసంస్థలు వానిని నిలిపివేసినవి. ఋగ్వేదమునందే జూదరి విలాప మొక సూక్తమై యున్నది. నన్నయ సభాపర్వమును తెనిగించినాడు. ధననష్టమును గూర్చి మేము క్రొత్తగా చెప్పునది లేదు. విమర్శకులుగా మాకు తోచిన దొక్కటి. 1967 నాటి న్యాయమూర్తులు ఊహించుకొన్నది ఒక బల్లచుట్టు కూర్చున్న మనుష్యులను. ఎదుటివాని ముఖము చూచుట, వాని నిట్టూర్పు వినుట, మాటతో వానిని ఏమరించుట రమ్మీలో సగము నేర్పు. ముఖము, ఊపిరి, మాట తీసివేసిన పిమ్మట మిగిలినదానికి రమ్మీ యను పేరు ఎట్లు నిలిచెనో మా కర్థము కాలేదు.

మాటల ఆటలలో మాకు కొంత ఆశ కలిగినది. ఈ నగరముననే నివసించిన శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలను, ఆరుద్ర గళ్లనుడికట్టులను కూర్చి తెలుగు పాఠకుల నిద్ర చెరచిరి. ఒక్క గడి నిండకున్న ప్రక్కవాటా తలుపు తట్టెడివారు. 2021లో వర్డిల్ అను ఆంగ్లపు ఆట వచ్చినది. అయిదక్షరముల మాటను ఆరు ప్రయత్నములలో కనుగొనవలెను. దానిని చూచి తెలుగున నట్టి ఆటలు కట్టినవారు ఒక చిక్కులో పడిరి: మనకు అక్షర మనగా నేది? దాచిన మాట ‘కాకి’ అయి, ఆడువాడు ‘కోతి’ యని వ్రాసినచో, మొదటి గడి తప్పా, ఒప్పా? హల్లు కుదిరినది, అచ్చు కుదరలేదు. మేము చూచిన యొక ఆటలో దీనికి సగము మార్కు వంటి ప్రత్యేకపు రంగు ఇచ్చిరి. వారెరిగి చేసిరో, ఎరుగక చేసిరో గాని, ఇది మన ప్రాస నియమమే: ప్రాసస్థానమున హల్లు కలిసిన చాలును, అచ్చు ఏదైనను సరియే. యతికి మాత్రము అచ్చు కూడ కలియవలెను. వేయేండ్లనాడే మన ఛందస్సు తేల్చిన ప్రశ్న ఫోను తెరపై రంగుగడియై తిరిగి వచ్చుట చూచి మేము నిజముగా సంతోషించితిమి. ఈ ఆట ఆడుటకు లిపి రావలెను. మా ఇంటి పిల్ల గుణింతము నేర్చుకొనుచున్నది. కారణము మేము కాదు, ఆ గడులు.

చివరగా తుపాకుల ఆట. పబ్జీ యనునది 2020 సెప్టెంబరులో ఈ దేశమున నిషేధింపబడి, మరుసటి యేడు బీజీఎంఐ యను వేరుపేర అట్టి ఆటయే వచ్చినదని ఇంటి కుర్రవాడు మాకు బోధించినాడు. కల్పనగా అది మాకు రుచింపలేదు; పరుగు, పొంచియుండుట, కాల్పు, మరల పరుగు, ఎవరికిని పూర్వకథ లేదు. కాని పరీక్షలో కానవచ్చినది దాచుట విమర్శకునికి తగదు. ఆ ఆట చెవికి తగిలించుకొను గొట్టములతో, నలుగురు జట్టుగా, నోరు మూయకుండ ఆడునట్టిది. మా కుర్రవాని జట్టులో ఒకడు ఒంగోలువాడు, ఒకడు వరంగల్లువాడు, మరియొకడు హోసూరువాడు. నలుగురును ఒకరినొకరు కన్నులతో చూచిన వారు కారు. “కుడి ప్రక్క మేడమీద ఉన్నాడు”, “ఆగు, నేను వచ్చెదను”, “నీ వెనుక చూచుకో” అని వారు గంటలకొలది తెలుగుననే అరచుకొందురు. బంధువుల యింట ‘అవును’, ‘కాదు’ తప్ప పలుకని పిల్లవాడు ఆరుమాసములలో ఒంగోలు యాస పట్టినాడు. వాక్యములు పొడవైనవి. సంక్రాంతికి నెల్లూరినుండి వచ్చిన మేనత్త వాని మాట విని ఆశ్చర్యపడి, ఇంత తెలుగు ఎచ్చట నేర్చితివని అడిగినది. ఆ జట్టులో వాడు నేర్చిన మాటలలో ఒక భాగమును మాత్రమే వాడామెకు వినిపించినాడు. మిగిలిన భాగమును తలుపు వెనుకనుండి మేము విని యున్నాము. కుటుంబములవారు చదువు ఈ సంచికలో దానిని అచ్చు వేయుటకు సంపాదకులు సమ్మతింపరు.